పెద్దసారు కుర్చీ

నాకు అక్షరాలు వచ్చింది మనవరాలు బడికి పోయాక. అందుకే డెబ్బైలనాటి ఈ సంగతి ఇన్నాళ్లూ నా కడుపులోనే ఉండిపోయింది.

ఆయన గోదావరిఖనిలో మా కాలనీ బడికి పెద్దసారు. తాగునీళ్ల కోసం మేం ఆడవాళ్లం గని ఆఫీసు గేటు ముందు ధర్నాకు కూర్చున్నప్పుడు పోలీసులతో ఒక ఒప్పందం కుదిరింది. మాకూ వాళ్లకూ మధ్య ఒక పెద్దమనిషి కూర్చుని అంతా చూస్తుండాలి. ముందుగా హెచ్చరించకుండా లాఠీ ఎత్తకూడదు. మేం సారునే కోరుకున్నాం. మా ఇంట్లో ఉన్న ఒక్క కుర్చీని నేనే మోసుకెళ్లి ఆయనకు వేశాను.

కూర్చోగానే ఆయన కండువా అంచుతో కళ్లద్దాలు తుడుచుకునేవారు. "నా కండ్ల ముంగట మిమ్ముల ఎవ్వడు ముట్టడు బిడ్డా," అనేవారు.

"గట్ల తుడిస్తే అద్దాలు అరిగిపోతయి సారూ," అని మా తోటికోడలు నవ్వేది.

ఒక మధ్యాహ్నం ఏ హెచ్చరికా లేకుండా లాఠీలు లేచాయి. తోటికోడలి చెయ్యి విరిగింది. నేను సారు వైపు చూశాను. అద్దాలు ఆయన కళ్లకే ఉన్నాయి. ఆయన మమ్మల్నే చూస్తున్నారు.

ఆ సాయంత్రమే విచారణకు వచ్చిన అధికారి ఏం జరిగిందని అడిగితే, "ఆ యాళ్ల అద్దాలు తుడుసుకుంటున్న సార్, నాకేం కనవడలే," అన్నారు.

"మీరు మమ్ముల సూసిన్రు గద సారూ!" అని అరిచాను. ఆయన మళ్లీ కండువా అంచు అందుకున్నారు.

ధర్నా ఆగలేదు. మర్నాడు పొద్దున నేను వెళ్లేసరికి ఆయన ఎప్పటిలాగే వచ్చి కూర్చుని ఉన్నారు.

"లేవుండ్రి సారూ, కుర్చీ మాది," అన్నాను.

ఆయన లేచారు. కట్టు కట్టిన చేతితో వచ్చిన తోటికోడలిని అందులో కూర్చోబెట్టాను.