వర్జ్యంలో పడిన మాత్ర

మా తాతకి పార్కిన్సన్స్ ముదిరిపోయింది. మూడు గంటలకోసారి మాత్ర పడాలి. ఆలస్యమైతే కాళ్లు నేలకి అతుక్కుంటాయి, గొంతు దోమ పాటంత అవుతుంది. వేశాక పట్టడానికి ముప్పావుగంట. విజయనగరం డాక్టరు ఇది ఒక్కసారే చెప్పాడు, నాకు అర్థమైంది. మా ఇంట్లో మిగతావాళ్లంతా పండితులు, అంచేత అర్థం కాలేదు.

అక్క నిశ్చితార్థం. పదకొండింటికి లగ్నపత్రిక. శ్రీకూర్మం చుట్టుపక్కల ఎందరివో పత్రికలు చదివిన తాత, మనవరాలిది కూడా తనే చదువుతానన్నాడు. ఆయన కోరింది అదొక్కటే. అందుకే పదిగంటల మాత్రకి ఫోన్లో అలారం పెట్టాను.

అలారం మోగింది. మాత్రల డబ్బా, నీళ్లు పట్టుకెళ్తే గుమ్మంలో మా మావ. తాత కొడుకే. చేతిలో పంచాంగం.

"ఏటది?"

"తాత మాత్ర."

"వర్జ్యం నడుస్తన్నాది. పదీ యాభైకి పోతాది. అప్పుడెయ్."

"మావా, రోగానికి పంచాంగం చదవడం రాదు."

"నోర్ముయ్. శుభకార్యం పూట వర్జ్యంలో మందు మింగిస్తావా?"

డబ్బా లాక్కుని జేబులో వేసుకున్నాడు. అత్తలంతా తలలూపారు. ఊగడానికి అడ్డొచ్చే సామాను ఆ తలల్లో ఏమీ లేదు.

పదీ యాభై ఒకటికి శాస్త్రోక్తంగా మాత్ర పడింది. పదకొండింటికి తాత చేతిలో పత్రిక పెట్టారు. కాగితం వణికింది. పెదాలు కదిలాయి, మాట రాలేదు. ఓ పెద్దావిడ కళ్లొత్తుకుంది. "మనవరాలంటే ఎంత ప్రేమో, గొంతు పూడుకుపోయింది!"

ప్రేమ కాదమ్మా, మా మావ జేబు.

మావే పత్రిక అందుకుని చదివాడు. గోత్రం తప్పు చదివి, దగ్గి, దిద్దుకున్నాడు. జనం బూరెల వైపు కదిలారు.

పదకొండున్నర దాటాక తాత వేళ్లు నిమ్మళించాయి. "ఒరే, ఆ కాగితం తే" అన్నాడు. ఖాళీ కుర్చీల మధ్య కూర్చోబెట్టి అక్కని పిలిచాను. విస్తరి ముందు నుంచి ఎంగిలి చేత్తోనే వచ్చింది. తాత మొదటి అక్షరం నుంచి చివరిదాకా, గోత్రంతో సహా, ఖంగుమని చదివాడు.

భోజనాల దగ్గర్నుంచి మావ కేకేశాడు: "చూశావేటిరా? వర్జ్యం పోయాక వేస్తే ఎలా పనిచేసిందో!"

తాత కళ్లజోడు తీశాడు. "వర్జ్యం లెక్క కట్టడం వీడికి నేర్పింది నేనేరా. తప్పు నాదే." నా వైపు తిరిగి అడిగాడు, "తర్వాతది ఎన్నింటికి?"

"ఒకటీ యాభైకి, తాతా."

"ముందా పంచాంగం తీసి ఎక్కడైనా దాచెయ్."