ఓడిన ఆట, తప్పిపోయిన పాప

నిరుడు వేసవిలో ఉప్పల్‌లోని ఒక ఫంక్షన్ హాల్లో చెస్ పోటీలు జరిగాయి. మా పన్నెండేళ్ల వైష్ణవి గెలవాల్సిన ఆట ఓడిపోయి బయటికొచ్చింది. అందరి ముందే తిట్టాను. మంచినీళ్లు కొనుక్కుని తిరిగొచ్చేసరికి పాప లేదు.

హాలంతా వెతికాను. మెట్రో మెట్ల దాకా పరుగెత్తాను. రోడ్డు మీద ఆగిన ప్రతి బస్సులోకీ తొంగి చూశాను. వాళ్లమ్మకు ఏమని చెప్పను?

అంతలో నాచారం నుంచి పాప కోచ్ ఫోన్ చేశారు. ఆయన దేశదేశాల్లో ఆడిన గ్రాండ్‌మాస్టర్.

"ఫికర్ చెయ్యకున్రి సార్. పాప షేర్ ఆటోల నా దగ్గరికే వచ్చింది."

నేను వెళ్లేసరికి ఇద్దరూ బోర్డు ముందు కూర్చుని, ఓడిన ఆటనే మళ్లీ వేసి చూస్తున్నారు. నన్ను చూడగానే పాప లేచి ఆయన కుర్చీ వెనక్కి జరిగింది.

కోచ్ నన్ను వరండాలోకి పిలిచారు. "నేను మస్తు ఆటలు ఓడిపోయిన సార్. గని ఓడినంక ఇంటికి పోవాలంటే ఎన్నడూ భయపడలే. మా నాయన గసుంటోడు, ఒక్క మాట అనకపోయేటోడు."

లోపలికి వెళ్లి, "యాడ తప్పయింది బిడ్డా? నాకు గూడ సూపియ్" అన్నాను. పాప కుర్చీ వెనక నుంచే వేలు చాపి బోర్డు మీద ఒక గడి చూపించింది.

ఆ తర్వాత ఎన్నో పోటీలు గెలిచింది. అయినా నన్ను చూసి వెనక్కి జరిగిన ఆ ఒక్క అడుగు నాకింకా కళ్లముందే ఉంది.