లచ్చన్న ముఖం ఎందుకు తిప్పాడంటే

నిన్న పొద్దున చాయ్ తాగుతుంటే లచ్చన్న కొడుకు రవి ఫోన్ చేశాడు.

"కాకా, నాయన పోయిండు" అన్నాడు.

చాయ్ అట్లాగే చల్లారిపోయింది. పోయిన ఆదివారమే చర్చి నుంచి వస్తూ వాళ్లింటికి వెళ్లాను. బత్తాయి ఒలిచి ఇస్తే తిన్నాడు. ఇంతలోనే పోతాడని ఎట్లా అనుకుంటాను?

గోదావరిఖనిలో పాతవాళ్లకు లచ్చన్న తెలుసు. తెలియని పిల్లల కోసం చెబుతున్నాను. బొగ్గుబావిలో నాకు పని నేర్పిన మనిషి ఆయన.

అరవైల చివర్లో నా మొదటి షిఫ్టు. నెత్తిన టోపీ, టోపీకి దీపం, చుట్టూ చిమ్మచీకటి. భయంతో ఆయన ముఖంలోకి చూస్తూ ఏదో అడిగాను. నా దీపం వెలుగంతా ఆయన కళ్లలో పడింది.

తిట్టలేదు. నా టోపీని రెండు చేతులతో పట్టుకుని మెల్లగా పక్కకు తిప్పాడు.

"తమ్మీ, మనిషిని సూసుకుంట మాట్లాడకు. పక్కకు సూసి మాట్లాడు. నీ లైటు కొడితె ఎదుటోనికి కండ్లు కనవడయ్. కాలు ఏడ పెడుతున్నడో వానికెట్ల తెలుస్తది?"

బావిలో అదే మర్యాద. ఎదుటి మనిషి మీద ప్రేమ ఉంటే ముఖం పక్కకు తిప్పుకోవాలి.

దూరంగా ఉన్నవాళ్లతో మాటలు కుదరవు. మెషిన్ల మోత. దీపాలతోనే చెప్పుకునేవాళ్లం. దీపం అడ్డంగా ఊపితే ఆపు. పైకీ కిందికీ ఊపితే నడిపించు. అంతే భాష.

లచ్చన్నకు ఆ ముఖం తిప్పే అలవాటు ఎంత ఒంటబట్టిందంటే, పైకి వచ్చాక ఎండలో కూడా అట్లాగే మాట్లాడేవాడు. మా పోశవ్వ వదినె నవ్వేది. "పెండ్లిసూపులల్ల ఈన సూసింది మా తలుపునే. తలుపును చేసుకుంటడో నన్ను చేసుకుంటడో సమజ్ గాలె" అనేది.

మేమంతా పడీ పడీ నవ్వేవాళ్లం.

ఆ అలవాటే ఆయన కొంప ముంచింది.

డెబ్భైల్లో ఒకరోజు బావిలో పట్టాల మీద నడిచే బొగ్గు టబ్బులు ఆగాల్సిన చోట ఆగలేదు. మాతో పనిచేసే సాంబయ్య కాలు నలిగిపోయింది. టబ్బులను తాడుతో లాగే ఇంజన్ దగ్గర డ్రైవర్. కింద సిగ్నల్ ఇచ్చింది లచ్చన్న. "ఆపమని అడ్డంగా ఊపిన" అని లచ్చన్న. "నడిపించమనే ఊపాడు" అని డ్రైవర్. మూడో మనిషి చూడలేదు.

ఎంక్వయిరీ పెట్టారు.

అప్పటికి నేను టైపు నేర్చుకుని ఆఫీసులోకి మారాను. ఎంక్వయిరీ గదిలో టైప్ మిషన్ ముందు కూర్చుంది నేనే.

డ్రైవర్ ఎప్పుడూ ఇంజన్ దగ్గర బల్బు వెలుగులో పనిచేసేవాడు. మా అలవాటు ఆయనకు లేదు. ఆఫీసర్ కళ్లలోకి చూసి గడగడా చెప్పేశాడు.

తర్వాత లచ్చన్న. "ఆపమనే ఊపిన సార్" అన్నాడు, కిటికీ వైపు చూస్తూ.

"ఇటు చూసి చెప్పు."

చూశాడు. నోరు తెరిచేసరికి ముఖం మళ్లీ కిటికీ వైపు వెళ్లిపోయింది. మూడుసార్లు అడిగారు. మూడుసార్లూ అంతే. పాపం, తాను ముఖం తిప్పుతున్నట్టు ఆయనకే తెలియదు.

ఆఫీసర్ కొత్తగా వచ్చిన మనిషి. బావిలో షిఫ్టు చేసినవాడు కాదు. నా వైపు తిరిగి ఒక ఇంగ్లిష్ మాట టైప్ చేయమన్నాడు.

ఎవేసివ్.

నిజం చెప్పకుండా తప్పించుకుంటున్నాడని.

నాకు తెలుసు. ఆ గదిలో తెలిసిన వాణ్ని నేనొక్కణ్నే. "సార్, అది మా బావిలో మర్యాద" అని ఒక్క ముక్క చెబితే సరిపోయేది. ఆఫీసులోకి వచ్చి నాలుగు నెలలే అయింది. మళ్లీ కిందికి పంపిస్తారని భయం.

టైప్ చేశాను. స్పెల్లింగ్ తప్పు కూడా పోలేదు.

లచ్చన్న ఉద్యోగం పోయింది. కాంట్రాక్టర్ దగ్గర లారీలకు బొగ్గు ఎత్తాడు. దానికంటే ఘోరం, సాంబయ్య కాలు తీసినవాడని పేరు పడింది. చచ్చేదాకా ఆ పేరు పోలేదు.

ఒకసారి నన్నే అడిగాడు, గోడ వైపు చూస్తూ. "తమ్మీ, నువ్వు ఆడనే ఉంటివి గద. నా మాట ఎందుకు నమ్మలే వాళ్లు?"

"నసీబ్ అన్నా" అన్నాను.

మొన్న నా మనవరాలు ఇంటర్వ్యూకి ప్రిపేర్ అవుతూ చెప్పింది. "తాతా, ఐ కాంటాక్ట్ లేకపోతే అబద్ధం చెబుతున్నామని అనుకుంటారట." బాడీ లాంగ్వేజ్ క్లాసులో నేర్పారట. అన్నం కంచం పక్కకు పెట్టి లేచాను.

నిన్న లచ్చన్నను వాకిట్లో పడుకోబెట్టారు. వదినె నన్ను చూసి "నీ అన్నను సూడు డేవిడూ" అని ఏడ్చింది.

చూడలేకపోయాను. ముఖం పక్కకు తిరిగిపోయింది.

ఆయన తిప్పుకున్నది ఎదుటివాడి కళ్లు కాపాడడానికి. నేను తిప్పుకున్నది నా తప్పు దాచుకోవడానికి. ఆ రోజు నేను టైప్ చేసిన 'ఎవేసివ్' అన్న మాట నిజానికి నాకే సరిపోతుంది. ఆయన పేరు కింద కొట్టాను.

రవీ, నువ్వు ఇది చదువుతావు. ఆ రోజు కింద దీపం ఎట్లా ఊగిందో నేను చూడలేదు బిడ్డా. కానీ మీ నాయన ముఖం ఎందుకు తిప్పాడో నాకు తెలుసు. యాభై ఏళ్లుగా తెలుసు. ఆయన వినేటప్పుడు చెప్పలేదు. నన్ను క్షమించమని అడిగే ముఖం కూడా లేదు.

పోయిరా లచ్చన్నా.

నువ్వు వెళ్లిన చోట "ఇటు చూసి చెప్పు" అని నిన్ను ఎవరూ అడగకూడదు. ఎటు చూసి చెప్పినా నీ మాట నమ్మాలి. ప్రశాంతంగా ఉండు అన్నా.