అవ్వ బావిలో ఆటుపోట్లు

ఈ పున్నమికి చందమామ భూమికి మరీ దగ్గరగా వస్తోందని, ఆ లాగుడుకు చెడగొట్టు వానలు కురుస్తాయని ఎవరో ఫోనులో పంపితే, జనగామలో మా పక్కింటి కోడలు ఆరబోసిన మిరపకాయలన్నీ ఎత్తుకుని నా దగ్గరికి వచ్చింది. మళ్లీ ఆరబోసుకో తల్లీ అన్నాను. చందమామ గాలిని కూడా కాస్త లాగుతుంది గానీ ఆ కాస్తకు వాన పడదు. ఈ మాట నేను తడుముకోకుండా చెప్పగలను, ఎందుకంటే ఇలాంటి తగవు ఉద్యోగంలో చేరిన కొత్తలోనే ఒకసారి తీర్చి ఉన్నాను.

అప్పట్లో నాది చిట్యాల దగ్గర ఒక పల్లెలో బడి. నేను అద్దెకున్న ఇంటి అవ్వకు ఒక్కడే కొడుకు, నేను అన్నా అని పిలిచేదాన్ని. ఒక బావి, దాని కింద కొంచెం వరి, అదే వాళ్ల బతుకు. సముద్రం మొహం చూడని పిల్లలకు ఆటుపోట్లు చెప్పడం ఎంత కష్టమో నా కాలపు పంతులమ్మలకు తెలుసు. నేను తాంబాళంలో నీళ్లు పోసి, అటూ ఇటూ వంచి, చంద్రుడు నీళ్లను ఎలా లాగుతాడో మహా ఉత్సాహంగా చెప్పాను. సాయంత్రానికల్లా ఆ పాఠం ఊరంతా తిరిగింది.

ఆ యాసంగిలో సరిగ్గా వరి పొట్టకొచ్చే వేళకు బావి అడుగంటింది. పూడిక తీయాల్సిన అన్న, పున్నమి దగ్గరపడింది గదా, చందమామే నీళ్లను పైకి తెస్తుందని పార పక్కన పెట్టి కూర్చున్నాడు. మడి అప్పటికే పగుళ్లిస్తోంది, అలా ఎదురుచూస్తూ ఉంటే గింజంతా తాలుగా పోతుంది, ఆ ఇంట్లో ఏడాది తిండి పోతుంది. నాకు మనసాగక, చందమామ వల్ల బావిలో నీళ్లు పెరగవని చెప్పేశాను. అవ్వ నన్ను నిలదీసింది.

“గంత సముద్రాన్ని గుంజెటోడు, మన బాయిని గుంజలేడా పంతులమ్మా?”

ఇంత మంచి ప్రశ్న మా బడి తనిఖీకి వచ్చిన ఏ అధికారీ నన్ను అడగలేదు.

“సముద్రంల గా దిక్కు నీళ్లు గీ దిక్కుకు పారి వస్తయవ్వా. మన బాయిలకు ఏ దిక్కుకెళ్లి వస్తయి? తవ్వితేనే వస్తయి,” అన్నాను.

అవ్వ కొడుకు వైపు తిరిగింది. “లెవ్వురా, పార పట్టు.”

మర్నాడే అన్న ఇరుగుపొరుగును పిలుచుకుని బావిలోకి దిగాడు. పూడిక తీయగా తీయగా బండ సందులో ఊట తగిలింది, వరి బతికింది. పున్నమి నాటికి బావిలో నీళ్లు నిలవడం చూసి, పంతులమ్మ పాఠం చెప్పినట్టే చందమామ గుంజిందని ఊరు తీర్మానించింది. నేను కాదన్నకొద్దీ నా గౌరవం పెరిగిందే గానీ తగ్గలేదు. ఆ రాత్రి అన్నాలయ్యాక మాత్రం అవ్వ నన్ను గట్టు మీదికి తీసుకుపోయి, కొత్త నీళ్లలో కదులుతున్న చందమామను చూపించింది.

“గీయన గుంజలే బిడ్డా. మనం తవ్వినంక సూడనీకి వచ్చిండు.”

మొన్న ఆ ఊరికి వెళ్లాను. అవ్వ లేదు. బావిని పూడ్చి బోరు వేశారు, నీళ్లు బాగానే వస్తున్నాయి, వరి ఏపుగా ఉంది, కాదనను. కానీ బోరు గొట్టంలోకి ఎవరూ వంగి చూడరు. చందమామ వల్ల వానలొస్తాయా అని ఫోనులో వెతికే వాళ్లకు, తవ్వుకున్న నీళ్లలో ఆయన్ను చూసుకున్న మా సంబరం ఎలా చెప్పాలో ఇన్నేళ్లు పాఠాలు చెప్పిన నాకే తెలియడం లేదు. పున్నమి వస్తే చాలు, నాకు ఆ బావి మీద బెంగ పుడుతుంది.