గచ్చు మీద విందు

సూర్యాపేట నుంచి వచ్చే బస్సు మిర్యాలగూడ పొలిమేర చేరగానే ఉడికిన వడ్ల వాసన కిటికీలోంచి వచ్చి ముఖానికి తగులుతుంది. నేను వెంటనే కిటికీ మూసేస్తాను. ఎవరైనా అడిగితే దుమ్ము అంటాను. అసలు సంగతి ఇంతవరకు ఎవరికీ చెప్పలేదు. సదస్సు విందు నాడు ఏం జరగబోతోందో నాకు మధ్యాహ్నమే తెలుసు. తెలిసీ నోరు మెదపలేదు. డైరీలో మాత్రం గుండ్రటి అక్షరాలతో రాసుకున్నాను.

అప్పుడు నేను కాలేజీ లైబ్రరీలో కొత్తగా చేరాను. వడ్లను యంత్రాలతో ఆరబెట్టడం గురించి మాట్లాడటానికి హైదరాబాదు నుంచి ఇంజనీరింగ్ ప్రొఫెసర్లు వస్తారని, ఉపన్యాసాలు మా కాలేజీ హాల్లో, విందు ఒక రైస్ మిల్లులో అని నిర్ణయమైంది. మర్యాదల భారం ఫిజిక్స్ చెప్పే అనసూయ మేడం మీద, ఆమె నుంచి నా మీద పడింది. మేడంది కోదాడ. కూర్చోదు, ఎవరినీ కూర్చోనివ్వదు. విందులో ఎవరి పక్కన ఎవరు కూర్చోవాలో నాతో జాబితా రాయించింది, చింపించింది, మళ్లీ రాయించింది. నాలుగుసార్లు! "వీళ్లిద్దరూ పోయిన సదస్సులో కొట్టుకున్నంత పని చేశారటమ్మా. పక్కపక్కన వేస్తే పప్పులో ఉప్పు గురించి కూడా వాదించుకుంటారు. ఎడంగా రాయి" అనేది. ప్రతి కుర్చీకీ పేరు రాసిన అట్టముక్క కట్టాలి. దారం కూడా ఆమె చెప్పిన రంగే. పైగా నలుగురి ముందు, "ఈ పిల్ల చేతిరాత చూశారా, ముత్యాలు! గొంతే ఎలా ఉంటుందో ఇంకా వినలేదు" అనేది. ఆ నలుగురూ నవ్వేవారు. నాకు ఒళ్లు మండేది.

మిల్లులో అంతమంది పట్టే చోటు ఒక్కటే, ఉడికించిన వడ్లు ఆరబోసే గచ్చు. ఆరబెట్టడం గురించి చర్చించే పెద్దమనుషులు భోంచేయాలంటే ఆరుతున్న వడ్లు ఎత్తేయాలి. అది ఎవరికీ వింతగా తోచలేదు. ఎండ ఇంకా ఉండగానే షామియానా వాళ్లు గుంజలు దింపారు. వడ్లు తిరగేసే ఆడవాళ్లకు పెద్ద ఎల్లమ్మ. ఆమె ఒక గింజ పంటి కింద కొరికి, పొట్టు ఉమ్మేసి, నా దగ్గరకు వచ్చింది.

"ఇంక పదనున్నయి బిడ్డా, తడి ఆరలే. గిప్పుడు కుప్పజేసి కప్పితే వేడెక్కుతయి. పొద్దుగాల్లకు వాసన కొడ్తది. నేను జెప్తే మిల్లు సేటు ఇనడు. జర మీ మేడంకు చెప్పు."

వెళ్లాను. మేడం వంటవాళ్లతో పోట్లాడుతోంది. "ఇవి వడలా, బిళ్లలా? చిల్లు ఏదయ్యా?" నేను ఆమె పక్కనే నిలబడ్డాను. ఆమె ఒకసారి తిరిగి, "ఏంటమ్మా?" అంది. "ఏం లేదు మేడం" అన్నాను. ఆ రెండు మాటలూ ఎంత సులువుగా వచ్చాయో! సంచిలోంచి డైరీ తీసి ఎల్లమ్మ చెప్పింది చెప్పినట్టు రాసుకున్నాను. ఆ సాయంత్రం కుప్ప మీద టార్పాలిన్ కప్పేశారు. దాని ముందే ప్రొఫెసర్లు గింజలో తేమ గురించి మాట్లాడుకుంటూ భోంచేశారు.

మర్నాడు ప్రొఫెసర్లకు మిల్లు చూపించి, అక్కడే ఉప్మా పెట్టాలి. మేము వెళ్లేసరికి టార్పాలిన్ తీసి ఉంది. గేటు దాకా ముక్కిపోయిన వాసన. సేటు ఎల్లమ్మ మీద కేకలేస్తున్నాడు.

"కండ్లు లేవా నీకు? పచ్చి వడ్లు కుప్పజేస్తవా? ఇగ రేపటికెళ్లి పనికి రాకు!"

మేడం మధ్యలోకి వెళ్లింది. "ఆమెనేం అనకండి సేటు గారూ. షామియానా వేయించింది నేను. ఎండ ఉండగా వడ్లు ఎత్తించింది నేను. అనేదేదో నన్ను అనండి." తర్వాత ఎల్లమ్మ వైపు తిరిగి, "నాకు ఒక్క మాట చెప్పకపోయావా?" అని అడిగింది.

ఎల్లమ్మ నా వైపు చూసింది. ఒక్క క్షణమే.

"మీరేడ దొరికిన్రమ్మా, వడల కాడనే ఉంటిరి" అంది.

అప్పుడైనా చెప్పవచ్చు. చెప్పలేదు. సేటు ఇంకా గొణుగుతూనే ఉన్నాడు. మేడం నన్ను పిలిచి అయిదోసారి జాబితా మార్చింది. "ముందు వరుసలో ఒక కుర్చీ ఖాళీ చేయించు. అట్ట మీద ఎల్లమ్మ గారు అని రాయి." ఆ కుర్చీ పోగొట్టుకున్న ప్రొఫెసర్ వెనక కూర్చుని మూతి ముడుచుకునే ఉప్మా తిన్నాడు. మేడం అందరినీ గింజ కొరకమంది. ఎవరికీ ఏమీ తెలియలేదు. ఎల్లమ్మ మిల్లులో ఉన్న వేరే రెండు కుప్పల్లోంచి గింజలు కొరికి, ఏది ఇంకా పదనుందో, ఏది మరపట్టవచ్చో చెప్పింది. ప్రొఫెసర్లు పుస్తకాల్లో రాసుకుంటుంటే సేటు, "మా ఎల్లమ్మ ఇరవై ఏండ్ల సంది ఈడనే చేస్తది" అని గర్వంగా చెప్పుకున్నాడు. రేపటి నుంచి రావద్దన్న మాట మళ్లీ ఎత్తలేదు. నా చేతిరాతతో ఉన్న ఆ అట్టముక్క ఎల్లమ్మ కొంగున కట్టుకుపోయింది. ఆమెకు చదవడం రాదు.

మొన్న ప్రిన్సిపాల్ గారు తనిఖీకి వచ్చినవాళ్లతో మాట్లాడుతుంటే మధ్యలో వెళ్లి, పుస్తకాల మీద పైకప్పు కారుతోందని చెప్పాను. ఆయన చిరాకుపడ్డారు. పడనీ.

ఆ విందు జరిగిన మరుసటి ఏడాదే మేడంకు బదిలీ అయింది. సూర్యాపేట బస్టాండు దాకా సామాన్లతో నేనే వెళ్లాను. దారంతా సంచులు లెక్కపెట్టిస్తూ నా ప్రాణం తీసింది. బస్సు కదులుతుండగా కిటికీలోంచి తల బయటపెట్టి, నా ముఖంలోకి చూస్తూ అంది:

"ఈసారి నేను వడల గొడవలో ఉంటే, కొంగు పట్టుకుని లాగమ్మా."