కుడి స్పీకరులోని చెల్లెలు

మార్చి నెల రెండో శనివారం, మధ్యాహ్నం రెండు గంటల ఇరవై నిమిషాలకు, మా అమ్మాయి వాళ్ళుండే ఊరు నోవైలోని లైబ్రరీ గదిలో నేను ఐరిష్ పాట పాడాను. గోడ గడియారం చూసుకునే మొదలుపెట్టాం, అందుకే అంత కచ్చితంగా చెప్పగలుగుతున్నాను.

మా పక్కింటావిడ నాకన్నా నాలుగేళ్ళు పెద్దది. వయసులో ఉన్నప్పుడు ఆవిడా, చెల్లెలూ కలిసి ఒక రికార్డు చేశారు. అన్నీ వాళ్ళ అమ్మ నేర్పిన ఐర్లండు పాటలు. రెండు గొంతులు, ఒక గిటారు, అంతే. ఎవరూ కొనలేదని ఆవిడే నవ్వుతూ చెప్పింది. మా అమ్మాయి ఫోన్‌లో ఎంత వెతికినా దాని ఊసే లేదు. మిగిలిపోయినవి రెండు అట్టపెట్టెల నిండా గరాజ్‌లో ఉన్నాయి. చెల్లెలు పోయి ఆరేళ్ళయింది. అప్పటినుంచి ఆవిడ నోరు విప్పి పాడలేదు.

మంచు తీసే పార తిరిగి ఇవ్వడానికి వెళ్ళిన రోజు ఆ రికార్డు తిరుగుతోంది. ఒక గొంతు పైన, ఒక గొంతు కింద. రెండూ వేరువేరుగా నడుస్తున్నాయి, ఎక్కడా ఒకదాన్నొకటి తొక్కుకోవడం లేదు. నేను పార పట్టుకునే నిలబడిపోయి, కింది గొంతుతో కూనిరాగం తీశానట. ఆవిడ రికార్డు ఆపి నా మొహంలోకి చూసింది.

ఏప్రిల్‌లో ఇల్లు అమ్మేసి ఒహాయోలో కొడుకు దగ్గరికి వెళ్ళిపోతోంది. వెళ్ళేలోగా, లైబ్రరీలో పెద్దవాళ్ళు పాడుకునే రోజున, రికార్డులోని చివరి పాట ఒక్కసారి పాడాలని ఆవిడ ఆశ. రెండో గొంతు లేకపోతే అది పాటే కాదంది. "ఐ సింగ్" అన్నాను. ఒకసారి అన్నాక వెనక్కి తగ్గడం నాకు చేతకాదు.

మా అమ్మాయి తల పట్టుకుంది.

"అమ్మా, అది ఇంగ్లీష్ కూడా కాదు, ఐరిష్. మీనింగ్ తెలుసా నీకు?"

"ఆవిడకే సగం తెలీదంట. నాకెందుకే?"

"రోజూ ఆ ఐస్ మీద నడిచి వెళ్తావా? స్లిప్ అయితే?"

"పడితే అక్కడే కూర్చుని ప్రాక్టీస్ చేస్తా. నువ్వెళ్ళి నీ మీటింగ్ చూసుకో."

ఆదివారం చర్చిలో పాస్టరమ్మగారు కూడా ఊరుకోలేదు. "ఏంటి మామ్మగారూ, మన పాటలన్నీ అయిపోయాయా?"

"అయిపోయాయమ్మా, ఇదొక్కటే మిగిలింది" అన్నాను.

నేను అక్షరాలు నేర్చుకున్నది నలభై తొమ్మిదో ఏట, మా ఊరి చర్చి వరండాలో, కీర్తనల పుస్తకం నా కళ్ళతో నేను చదువుకోవాలని. అప్పుడూ నవ్వారు. ఆ అక్షరాలతోనే ఈ పాట మొత్తం నోటుబుక్కులో దించాను. ఐరిష్ అయితే ఏం, చెవికి వినబడినది తెలుగులో రాయలేనా?

ఆ రికార్డులో ఎడమ స్పీకరులో అక్క, కుడి స్పీకరులో చెల్లెలు పాడతారు. ఆవిడ మీట తిప్పి ఎడమది మూసేసేది. అప్పుడు చెల్లెలు ఒక్కతే వినిపించేది. ఉన్నమాట చెప్పాలంటే, ఒంటరిగా వింటే అది పాటలా ఉండదు. ఆ మూడు నాలుగు స్వరాల మీదే తచ్చాడుతూ ఉంటుంది. నేర్చుకోవడానికి వారం చాలింది. తంటా అంతా ఆవిడతో కలిసి పాడినప్పుడే వచ్చింది. మా చర్చిలో ముందు ఒకరు ఎత్తుకుంటారు, వెనక అందరం అందుకుంటాం. వందమంది పాడినా వరస ఒక్కటే. యాభై ఏళ్ళ అలవాటు. ఆవిడ గొంతు లేవగానే నా గొంతు కూడా లేచి ఆవిడ వరసలోకి వెళ్ళిపోయేది.

"స్టే! స్టే!" అని ఆవిడ బల్ల మీద కొట్టేది.

కోపం వచ్చేది. ఆవిడ మీద కాదు, నా గొంతు మీద. నోటుబుక్కులో ప్రతి లైను కిందా ఎర్ర పెన్నుతో "కదలకు" అని రాసుకున్నాను. అయిదు వారాలు రోజూ వెళ్ళాను.

ఆ శనివారం రెండు చరణాలు సాఫీగా నడిచాయి. మూడో చరణం మధ్యలో ఆవిడ గొంతు ఆగిపోయింది. ముందు పాడేవాళ్ళు ఆగితే వెనకవాళ్ళు ఆ వరస అందుకుని పాట పడిపోకుండా చూడాలి. మాకు తెలిసిన మర్యాద అదే. నా నోరు పైకి లేవబోయింది. పుస్తకంలోకి చూశాను. కదలకు. నేను ఆ వరస ఎత్తుకుంటే ఆవిడ తిరిగి రావడానికి చోటుండదు. అందుకని ఆ తచ్చాడే వరసే ఒక్కదాన్నే పాడుతూ పోయాను. ముసలిది రాగం మరిచిపోయిందనుకుని ఉంటారు. అనుకోనీ. లైనున్నర అలాగే పాడాను. అప్పుడు నా ఎడమ పక్కనుంచి ఆవిడ గొంతు వచ్చి సరిగ్గా తన చోట నిలబడింది. చివరిదాకా ఇద్దరం పాడాం.

అయ్యాక "వై స్టాప్?" అని గట్టిగానే అడిగాను. ఆవిడ ముక్కు తుడుచుకుంటూ ఏదో అంది.

"నువ్వెందుకు ఆగలేదని అడుగుతోందమ్మా" అంది మా అమ్మాయి.

"స్టే అంది కదా, అందుకని చెప్పు."

ఆ రోజు గదిలో ఉన్నవాళ్ళు: పక్కింటావిడ, ఆవిడ కొడుకు, కుర్చీలు వేసిన లైబ్రరీ అమ్మాయి, మా అమ్మాయి, అల్లుడు, నవ్విన పాస్టరమ్మగారు, టాక్స్ ఫారాలు నింపిపెడతారనుకుని వచ్చి పాట అయ్యేదాకా కూర్చున్న ముసలి దంపతులు, వెనక వరసలో నిద్రపోయిన ఒకాయన. చెల్లెలు కూడా వచ్చిందని రాయను. పోయినవాళ్ళు వచ్చారని రాయడం నాకు నచ్చదు. కుడి పక్కన నిలబడింది నేను.