కుండలో పత్తి గింజ, మిరపకాయ

మా ఆవిడ పోయిన నెల గుంటూరు ఆసుపత్రిలో చనిపోయింది. పొద్దున కాఫీ అడిగింది. నేను ఫ్లాస్కు నింపుకొని వచ్చేసరికి డాక్టరు మంచం పక్కన నిలబడి ఉన్నాడు. ఆమెను తీసుకొని పర్చూరు దాటి మా ఊరు చేరేలోగానే ఊళ్ళో కబురు అందింది. యువజన సంఘం చదువుల గది తలుపు వేసి ఉంది. ఆమె ఉండగా ఆ తలుపు సాయంత్రం పూట వేసి ఉండటం నేను చూడలేదు.

ఆమె చాలామందికి టీచరు గారు. ఎరగని పాఠకుల కోసం ఈ నాలుగు మాటలు. ఎక్కువ రాస్తే ఆమెకు నచ్చదు.

హైస్కూల్లో లెక్కలు చెప్పేది. సాయంత్రాలు సంఘానివి. ఒక రైతు వాడకుండా వదిలేసిన, పొగాకు ఆరబెట్టే బ్యారనే సంఘానికి ఇల్లు, చదువుల గది. లోపల పేపర్లు, రేడియో. బయట వాలీబాల్ నెట్టు. సున్నం ఎన్నిసార్లు వేసినా గోడల పొగాకు వాసన పోలేదు. ఆమె వేళ్ళ సుద్ద కొంగుకు తుడుచుకొని, చెప్పులు బయట విడిచి లోపలికి వెళ్ళేది. విడవమని ఎవరూ చెప్పలేదు.

సంఘంలో సంతకం రానివాళ్ళు ఉన్నారు. భూమి ఉన్నవాళ్ళ పిల్లల ఎదుట చెయ్యెత్తడానికి జంకే కూలీల పిల్లలూ ఉన్నారు. అందుకని ఓటుకు ఆమె ఒక పద్ధతి పెట్టింది. తడిక వెనక రెండు చేటలు. ఒకదాంట్లో పత్తి గింజలు, ఇంకోదాంట్లో తొడిమ తీసిన ఎండు మిరపకాయలు. ఔనంటే గింజ, కాదంటే కాయ. గుప్పిట్లో పట్టుకొచ్చి కుండలో వెయ్యాలి. మొదటిసారే లోపం బయటపడింది. కాయ వేసినవాళ్ళు కాసేపటికి కళ్ళు నులుముకుంటూ దొరికిపోయారు. బ్యారనంతా నవ్వులు. పద్ధతి మార్చమన్నాను.

"కాదన్నవాడు ఆ మాత్రం మంట ఓర్చుకోవాలి లెండి" అంది. మార్చలేదు.

ఆ రోజుల్లో జిల్లా సంఘం వాళ్ళు అన్ని ఊళ్ళకూ ఒకే నియమావళి పంపారు. వరసగా మూడు సమావేశాలకు రాకపోతే సభ్యత్వం పోతుంది. పది పాసైన వాళ్ళే అధ్యక్షులు కావాలి. ఒప్పుకోకపోతే గుర్తింపు ఉండదు, పోటీలకు పిలవరు. మా ఊళ్ళో మిరప కోతలు మొదలైతే సగం మంది చేలల్లోనే ఉంటారు. ఆ నియమం పెడితే కూలికి పోయేవాళ్ళు సంఘంలో మిగలరు. జిల్లా కార్యదర్శి జీపులో వచ్చి నచ్చచెప్పబోయాడు.

"రూలు అందరికీ ఒకటే కదమ్మా."

"ఈ రూలు రాసినాయన ఎప్పుడన్నా మిరపకాయలు కోశారా అండీ?"

"అదేం మాటమ్మా!"

"కోతలయ్యాక వాళ్ళే వస్తారు. పేర్లు కొట్టేస్తే ఎవర్ని పెట్టుకొని నడపమంటారు? ఎవరు చేరాలో, ఎవరు నడపాలో మా వాళ్ళు తేల్చుకుంటారు. లెక్కలు మాత్రం మీకు పంపుతాం."

ఆయన టీ తాగకుండానే వెళ్ళిపోయాడు. ఆమె చుట్టుపక్కల సంఘాలకు కబురు చేసింది. కోతలు వాళ్ళకూ ఉన్నాయి. అందరూ అదే మాట అనేసరికి, ఏడాది తిరిగాక జిల్లా వాళ్ళు దిగివచ్చారు. సభ్యత్వం, నాయకత్వం ఊరి సంఘం ఇష్టమన్నారు.

సొంత నియమాలు పెట్టుకునే మొదటి సమావేశానికి ఆమె మంచి చీర కట్టుకొని వెళ్ళింది. కోతల నెలల్లో హాజరు అడగకూడదన్నది మొదటి తీర్మానం. కుండ నిండా గింజలే. అప్పుడు కోతలకు పోయే అమ్మాయి ఒకతె లేచింది. ఏడో తరగతితో చదువు మానేసిన పిల్ల.

"టీచర్ గారూ, ఒకటి అడగనా అండీ?"

"అడుగమ్మా."

"ప్రెసిడెంటు మా ఈడు వాళ్ళే ఉండాలని పెట్టుకుందామండీ."

అప్పటికి ప్రెసిడెంటు మా ఆవిడే. వాలీబాల్ కెప్టెన్ ఎగిరి లేచాడు.

"ఏందే నువ్వనేది? టీచరు గారినే దింపుతావా?"

"ఒరేయ్, కూర్చో. ఆ పిల్ల అడిగింది నిన్ను కాదు, సంఘాన్ని. కుండ తీసుకురా" అంది ఆమె.

ఇదంతా తరవాత కెప్టెనే నాకు చెప్పాడు. ఆమె ఇంటికొచ్చి ఒక్క మాటే అంది.

"ఏవండీ, నన్ను దింపేశారు."

ఆ పిల్లనే ప్రెసిడెంటును చేసుకున్నారట. ఆమె వంటింట్లోకి వెళ్ళి గిన్నెలో మజ్జిగ పోసుకొని వేళ్ళు ముంచి కూర్చుంది. మా వైపు మిరప మంటకు చేసే పని అదే. ఎటు వేసిందో అర్థమైంది.  తనే అంది:

"వాళ్ళు నడపాలని కదండీ ఇంత గొడవా పడింది. అయినా మండింది."

తరవాతి వారం మామూలుగానే చెప్పులు విడిచి లోపలికి వెళ్ళి వెనక వరసలో కూర్చుందట. అడిగితే చెప్పేది, అడగకపోతే పేపరు చదువుకునేది. చివరిదాకా అంతే. ప్రెసిడెంటు ఏదైనా తప్పు చేస్తోందని నేనంటే, "చెయ్యనీండి, దిద్దుకోవడం కూడా వాళ్ళకే రావాలి" అనేది.

పెద్దకర్మ అయ్యాక సంఘం సమావేశం పెట్టి నన్ను పిలిచారు. వెనక వరసలో కూర్చున్నాను. గదికి టీచరు గారి పేరు పెట్టాలని కెప్టెన్ తీర్మానం తెచ్చాడు. ప్రెసిడెంటు లేచింది. 

"టీచర్ గారిని చూడ్డానికి ఆసుపత్రికి పోయినప్పుడు నాతో చెప్పారు. పేరు పెట్టొద్దమ్మా, పెడితే రేపొచ్చే పిల్లలు గది నాదనుకుంటారు, వాళ్ళదనుకోరు అన్నారు. నేను చెప్పాల్సింది చెప్పా. ఇక మీ ఇష్టం."

అందరూ తడిక వెనక్కి వెళ్ళొచ్చి కూర్చున్నాక కుండ వరసల వెంట తిరిగింది. నేను సభ్యుణ్ణి కాదు, నా ముందు ఆగలేదు. చివర దాన్ని చాప మీద బోర్లించారు. అన్నీ మిరపకాయలే. తీర్మానం తెచ్చినవాడిది కూడా.

 నేను బయటికి వచ్చేసరికి బ్యారను పక్క చేతిపంపు దగ్గర వరస కట్టి ఉన్నారు. కెప్టెన్ పంపు కొడుతున్నాడు. ఒక్కొక్కరే వేళ్ళు కడుక్కొని, ముంజేత్తో కళ్ళు తుడుచుకొని పక్కకు జరుగుతున్నారు.